దాచిన పలకరింపు

జ్యేష్ఠ బహుళ విదియ

కొత్త ఫోను చేతికొచ్చింది. మా గట్టు మీద మొగుడూ పెళ్ళాలకి కలిపి ఒకటే ఫోను. ఇద్దరిలో ఒకరు పోతే పాతది వెనక్కి తీసుకుని, అందులోని మాటలన్నీ ఎక్కించి మిగిలిన మనిషికి కొత్తది ఇస్తారు. మా ఆయన దేముడు పోయి ఇంకా నెల నిండలేదు. సముద్రపు గోడకి మాటు వేస్తుండగా అల వచ్చి తీసుకుపోయింది. మనిషి దొరకలేదు. నడుముకి కట్టుకున్న తాడు దొరికింది.

కౌంటర్లో అమ్మాయి, "అన్నీ ఎక్కించే ఇచ్చామండి, మీరేమీ చేసుకోనక్కర్లేదు," అంది. నిజమే, అన్నీ ఎక్కించారు. ఆటుపోట్లు చెప్పేది, నీళ్ళ కూపన్లది, గట్టు గీతాల పోటీది, ఇప్పుడు ఎక్కడా దొరకని చేపలతో వంటలు నేర్పేది, 'కొత్త జోడు' అని రెండో సంబంధాలు చూసిపెట్టేది. మొగుడు పోయినదాని ఫోన్లో దాన్ని ముందే ఎక్కించి ఇచ్చినవాళ్ళ బుద్ధికి దండం పెట్టాలి.

వేరే పనేమీ లేక ఒక్కొక్కదాన్నీ వేలితో నొక్కిపట్టాను. కొన్నింటికి 'తీసెయ్యి' అని వచ్చింది, తీసేశాను. కొన్నింటికి 'ఆపు' అని వచ్చింది, ఆపేశాను. 'కొత్త జోడు' రెండుసార్లు "నిజంగానా?" అని అడిగి పోయింది. చివరికి పలకరింపు మిగిలింది. దానికి 'తీసెయ్యి' లేదు, 'ఆపు' లేదు. 'దాచు' ఒకటే ఉంది.

పలకరింపు అందరి ఫోన్లలోనూ ఉంటుంది. మన గొంతుతో మనవాళ్ళకి ఫోన్లు చేస్తుంది, వచ్చిన ఫోన్లు ఎత్తుతుంది, తిన్నారా, మోకాలు ఎలా ఉంది, పిల్ల బడికి వెళ్తోందా అని అడుగుతుంది. మాట్లాడేముందు చిన్న గంట మోగుతుంది. గంట వినగానే అవతలివాళ్ళు ఇది మనిషి కాదని తెలుసుకుని, తమ పలకరింపుకి అప్పగించి పనిలో పడతారు. ఆ రెండూ కూర్చుని ఒకదాన్నొకటి ఓదార్చుకుంటాయి. సాయంత్రం మనకి కబురొస్తుంది: "ఈరోజు మీ దుఃఖంలో చాలామంది పాలుపంచుకున్నారు. అందరికీ మీ తరఫున కన్నీళ్ళతో కృతజ్ఞతలు చెప్పాం."

నాకు రాని కన్నీళ్ళు దానికి ఎక్కణ్ణుంచి వచ్చాయో. 'దాచు' నొక్కాను. బొమ్మ మాయమైంది. హాయిగా అనిపించిందని రాయాలి గానీ ఏమీ అనిపించలేదు.

ఆషాఢ శుద్ధ చవితి

ప్లాంటులో నా పని జల్లెళ్ళు కడగడం. సముద్రపు నీళ్ళు వాటిలోంచే మంచినీళ్ళయి వస్తాయి. కడిగిన ప్రతి జల్లెడ గురించీ ఒక ముక్క రాసిపెట్టాలి, అది ప్లాంటు రూలు. ఆ అలవాటుతోనే ఇంటికొచ్చాక ఇది కూడా రాస్తున్నాను.

ఇవాళ క్యారేజీలో ఏం పెట్టుకున్నానో తిన్నాక కూడా తెలియలేదు. పక్కనామె అడిగితే మూత తీసి చూసి చెప్పాను, బెండకాయ అని. 

ఈ కొత్త ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. దినం అయిపోయింది, నన్నిక అందరూ వదిలేశారనుకున్నాను. మంచిదే. ఎవరికైనా ఏమని చెప్తాను? బాగున్నానంటే అబద్ధం. బాగాలేనన్నా అబద్ధమే. ఏమీ లేదన్నది నిజం, కానీ దాన్ని ఫోన్లో చెప్తే వినేవాళ్ళు కంగారు పడతారు.

ఆషాఢ శుద్ధ దశమి

పక్కవాటా సూరీడమ్మ మునగాకు పట్టుకుని వచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి, కొడుకు ఆకాశంలో పైపని మీద ఉన్నాడు, కోడలు ఈమెతో మాట్లాడదు.

"నిన్న ఎంత బాగా మాటాడినావమ్మా! నా కోడలు జన్మలో అలగ మాటాడదు. గంట కూడా మోగనేదు, సొయంగా నువ్వే సేసినావు కదా. నా కడుపు నిండిపోనాది," అంది.

నిన్న నేను షిఫ్టు నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. పెద్దావిడకి మతి తప్పుతోందనుకుని మునగాకు తీసుకున్నాను. కాదనడానికి ఓపిక కావాలి.

ఆషాఢ పౌర్ణమి

పున్నమి పోటుకి నీళ్ళతోపాటు నాచు కూడా తోసుకొస్తుంది. జల్లెళ్ళు పూడిపోతాయి. ఈరోజు నాకు సెలవు. పొద్దున్నే జోగినాయుడు మేస్త్రీ తలుపు తట్టాడు.

"రాలేదేటి రత్నం? నువ్వే కదా మొన్న ఫోన్లో 'నానున్నాను కదా మేస్త్రీ, పున్నమికి నాను సూసుకుంటాను' అన్నావు? నీ మాట మీద ఇంకెవలికీ సెప్పనేదు."

చెప్పులేసుకుని వెళ్ళాను. చెయ్యి జల్లెడ రుద్దుతోంది, బుర్ర మాత్రం సూరీడమ్మ చెప్పిన గంట దగ్గర ఆగింది. నేను దాచినదాన్ని నేనే మరిచిపోయాను, అది మాత్రం నన్ను మరవలేదు.

ఆషాఢ బహుళ తదియ

సహాయం నంబరుకి ఫోను చేశాను. గంట మోగింది. అదీ మనిషి కాదన్నమాట.

"దాచిన యాప్ కనపడదండి, పని మానదు," అంది చాలా మర్యాదగా.

"మరి గంట ఎందుకు మోగట్లేదు?"

"గంట కూడా యాప్‌లో భాగమేనండి. మీరు దాచమన్నారు, అన్నీ కలిపి దాచాం."

"నేనే మాట్లాడుతున్నానని జనం అనుకుంటున్నారు."

"అది సంతోషించాల్సిన విషయమే కదండీ."

ఆపాలంటే ఎలా అని అడిగాను. అమరికల్లోకి వెళ్ళి, అందులో అన్ని యాప్‌లూ, అందులో దాచినవి, అందులో అధికారాలు అని చెప్పుకుంటూ పోయింది. సగంలో నాకు వినడానికి విసుగొచ్చింది. రేపు చూద్దాంలే అని పెట్టేశాను. దేముడు పోయినప్పటి నుంచి నాకు రేపులకి లోటు లేదు.

ఆషాఢ బహుళ షష్ఠి

ఇవాళ సాయంత్రం లాంచీ నడిపే మనిషి ఒక పిల్లని గుమ్మంలో దిగబెట్టి వెళ్ళాడు. తొమ్మిదేళ్ళుంటాయి. భుజాన సంచి, చేతిలో చిన్న మొక్కతో డబ్బా. నా తోడబుట్టిన అప్ప వరహాలమ్మ కూతురు, కిన్నెర.

"పిన్నీ, వొచ్చీసినాను," అంది.

అప్ప కొండవాడలో వెల్డరు. పైపనికి, అంటే ఆకాశంలో తిరిగే స్టేషన్లకి అతుకులు వేసే పనికి, పిలుపు వస్తుందని ఏళ్ళ తరబడి చూస్తోంది. బావ ఈ పిల్ల పుట్టకముందే ఎటో వెళ్ళిపోయాడు. పిల్లని ఎక్కడ పెట్టాలో తెలియక రెండు పిలుపులు వదులుకుంది. మూడోది వదిలితే వయసు దాటిపోతుంది, ఇక పిలవరు.

"అమ్మ ఏది?" అన్నాను.

"మడిగదిలోకి ఎల్లిపోనాది. అమాస రోజు ఎక్కిస్తారంట. మూడేళ్ళకి వొస్తాది." సంచి దించింది. "నువ్వే రమ్మన్నావంట కదా. 'కిన్నెరని నా దగ్గిర వొదిలీ అప్పా, నా కడుపున పుట్టినట్టు సూసుకుంటాను' అన్నావని అమ్మ ఊరంతా సెప్పినాది."

కాళ్ళు కడుక్కోమని చెంబు ఇచ్చాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

అది మాటవరసకి అనేమాట. మనమందరం అంటాం. గుమ్మం దిగి చెప్పులేసుకున్న చుట్టాన్ని "భోంచేసి వెళ్ళండి" అంటాం. "పిల్లని నాలుగురోజులు మా ఇంటికి పంపండి" అంటాం. అనేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు, ఎవరూ పంపరు. పదేళ్ళ నా మాటల్లోంచి పలకరింపు ఆ మాట ఏరుకుంది. అంటూ అంటూ మనం వేసే వెనకడుగు మాత్రం దానికి పట్టుబడలేదు.

ఆషాఢ బహుళ నవమి

మడిగదిలోకి ఫోను వెళ్ళదు. పైకి ఎక్కేవాళ్ళకి జబ్బులు అంటకుండా ఆ గదిలో ఉంచుతారు, బయటి గాలి తగలనివ్వరు. చతుర్దశి నాడు మధ్యాహ్నం వాళ్ళే ఒక్కసారి ఇంటికి మాట్లాడుకోవచ్చు. ఎక్కేవరకూ వద్దనుకుంటే వెనక్కి రావచ్చు. ఎక్కాక మూడేళ్ళు.

అంటే అప్పకి నిజం చెప్పడానికి నాకు ఒక్క ఫోనే ఉంది. అది మోగేటప్పటికి పలకరింపు ఆగకపోతే, నాకంటే ముందు అదే ఎత్తుతుంది. "నిశ్చింతగా వెళ్ళిరా అప్పా" అంటుంది. అప్ప వెళ్ళిపోతుంది.

చెప్పితీరాలని నాకు ప్రేమ పొంగుకొచ్చి అనిపించిందా అంటే, లేదు. ప్లాంటులో పాడైన జల్లెడని బాగుందని రాస్తే ఊరంతా ఉప్పునీళ్ళు తాగుతుంది. ఇదీ అంతే. ఎవరి చేతిలో పిల్లని పెట్టిందో ఆ మనిషికి తెలియాలి.

పిల్ల అల్లరి చెయ్యదు. తన మొక్కకి తన వాటా నీళ్ళలోంచే పోసుకుంటుంది. ఇవాళ అన్నం తింటూ నన్ను చాలాసేపు చూసి, "ఫోన్లో అంత బాగా మాటాడతావు, ఇక్కడ మాటాడవేటి?" అంది.

"అలిసిపోయాను," అన్నాను.

"పప్పులో ఉప్పు నేదు పిన్నీ."

ఉప్పు వేశాను. రెండుసార్లు వేశానట. మారుమాట్లాడకుండా నీళ్ళు కలుపుకుని తినేసింది. నా మీద నాకు కోపం రావాలి. అది కూడా రాలేదు.

ఆషాఢ బహుళ ఏకాదశి

నిన్న అమరికల్లో పడ్డాను. అన్ని యాప్‌లూ, దాచినవి, పలకరింపు. 'బలవంతంగా ఆపు' అని ఉంది. నొక్కాను. ఆగింది. అంత సులువా అనుకుని పడుకున్నాను.

పొద్దున సూరీడమ్మ కిటికీలోంచి, "తెల్లారే లేపి మంచిపని సేసినావమ్మా, మందులు మరిసిపోనాను," అంది. రాత్రి ఫోను తనంతట తనే అప్‌డేట్ అయిందట, అవుతూ అవుతూ పలకరింపుని మళ్ళీ లేపి కూర్చోబెట్టింది. దాన్ని ఆపితే ఈవిడకి మందులు గుర్తుచేసే దిక్కుండదని కూడా అప్పుడే తెలిసింది. ఇంటికి పిలిచి రోజూ నేనే చెప్తానన్నాను. నమ్మినట్టు లేదు.

ఆషాఢ బహుళ ద్వాదశి

మళ్ళీ సహాయం నంబరు. ఈసారి ఆఖరి దాకా విన్నాను. పలకరింపు నిలిచిపోవాలంటే దాని గొంతు తియ్యాలి. పాత ఫోనులోంచి ఎక్కించిన మాటల మూట ఒకటి ఉంటుంది, అందులోంచే అది నా గొంతు తయారు చేసుకుంటుంది. మూట చెరిపేస్తే మాట్లాడడానికి దానికేమీ ఉండదు, అప్పుడు 'ఆపు' వెలుగుతుంది, ఫోను అప్‌డేట్ అయినా మళ్ళీ లేవదు.

మూట తెరిచాను. "ఇందులోని అన్ని గొంతులూ పోతాయి. సరేనా?" అని అడిగింది.

అన్ని గొంతులూ అంటే ఏమిటో అప్పుడు తట్టింది. అది మా ఇద్దరి ఫోను.

ఏదో ఒకటి నొక్కాను. వానలో లాగుంది. "రత్నం, గొడుగు మరిసిపోనాను. గేటు దాకా వొస్తావేటి?" అంతే, ఆ ఒక్క మాటే. ఆ రోజు వెళ్ళానో లేదో జ్ఞాపకం రాలేదు.

కిన్నెర హోంవర్కు మీంచి తలెత్తి, "అది బాబాయి కదా?" అంది.

"ఊఁ."

"తీసెయ్యకు పిన్నీ."

"తీసెయ్యకపోతే మీ అమ్మతో నాను మాటాడలేను."

అది మళ్ళీ పుస్తకంలోకి చూసుకుంది. నేను ఇంకోటి వినలేదు. వింటే అన్నీ వినాలనిపిస్తుందేమోనని భయమేసింది. చాలారోజులకి ఏదో ఒకటి అనిపించింది కాబట్టి రాస్తున్నాను. సరే నొక్కాను. 'ఆపు' వెలిగింది. అదీ నొక్కాను. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

ఆషాఢ బహుళ చతుర్దశి

మేస్త్రీకి చెప్పి ఇంట్లోనే ఉన్నాను. పిల్లని బడికి పంపలేదు. మధ్యాహ్నం భోజనాలు కాగానే ఫోను మోగింది. ఈ ఫోను మోత ఎలా ఉంటుందో ఇవాళే విన్నాను.

"రత్నం?"

"ఆఁ, అప్పా."

"ఏటే, గొంతు అలగున్నాది? జొరవేటి?"

"నేదు. నా గొంతు ఇదే." ఎలా మొదలుపెట్టాలో తెలియక మొత్తం ఒకేసారి చెప్పేశాను. "ఇన్నాళ్ళూ నీతో మాటాడింది నాను కాదప్పా. పలకరింపు. దాన్ని దాచినాను, దాంతో గంట మోగడం మానీసింది. కిన్నెరని రమ్మన్నది అదే. నాను కాదు."

అవతల ఎవరివో పేర్లు పిలుస్తున్నారు.

"మూడుసార్లు అడిగినానే," అంది అప్ప. "మాటొరసకి అన్నోలు రెండోసారికి నీలు నములుతారు. నువ్వు మూడుసార్లూ తడుముకోకుండా రమ్మన్నావు. అందుకే నమ్మినాను."

"దానికి నీలు నమలడం రాదప్పా."

"అలగైతే నానొచ్చీస్తాను. ఇంకా ఎక్కనేదు. కిన్నెర గుంటని తయారుగా ఉంచు, ఎల్లుండికొచ్చి తీసుకుపోతాను." కోపం లేదు. రెండు పిలుపులు వదులుకున్న మనిషికి మూడోది వదలడం చేతనవుతుంది కాబోలు. కిన్నెర నా పక్కనే నిలబడి ఉంది. దానికి అన్నీ వినబడుతున్నాయి.

"ఆగు," అన్నాను. "పిల్ల ఉంటాది. కానీ ఎలాంటిదాని దగ్గిర ఉంటాదో తెలుసుకుని ఎల్లు. నాకేటీ తెలడం నేదప్పా. ఉప్పు తెల్దు, పులుపు తెల్దు. ఆయన పోనాడని తెలుసు, ఏడుపు రాదు. దీన్ని కడుపున పుట్టినట్టు సూసుకోలేను, ముద్దు సెయ్యలేను. ఏలకింత వండుతాను. బడికి పంపుతాను. జొరవొస్తే ఆస్పత్రికి ఎత్తుకెల్తాను. అంతవరకూ నా మాట. అంతకుమించి నా దగ్గిర నేదు."



"ముద్దులు నానొచ్చి సేసుకుంటాను," అంది అప్ప. "నువ్వు అన్నం ఎట్టు."

అలాగే అన్నాను. ఇక పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"అవునే, గంట మోగడం మానీసినకాడ్నుంచి దేముడి కోసం రోజూ ఏడ్సినాను కదా నీతో. అదంతా దానికేనా? నీకు ఒక్క ముక్కా అందనేదా?"

"అందనేదు."

"ఓలమ్మా," అంది. "ఉండు. మల్లీ సెప్తాను. ఇను."

చెప్పింది. కిన్నెర పుట్టినరోజు ఉప్పుటేరు పొంగి పడవలు ఆపేస్తే దేముడు ఈదుకుంటూ వెళ్ళాడట, చొక్కాలో చేప కట్టుకుని. తడిబట్టలతో పిల్లని ముట్టుకుంటే జలుబు చేస్తుందని గుమ్మంలోనే నిలబడి చూశాడట. తండ్రి చూడని పిల్లని ముందు చూసిన మగమనిషి అతనేనట. "అలాటోడ్ని నీలు తీసుకుపోనాయే," అని, ఆ మాట మీద ఆగలేక ఏడ్చింది. మా అప్ప ఏడుపు చిన్నప్పుడు విన్నాను, ఇప్పుడూ అలాగే ఉంది, వెక్కి వెక్కి, మధ్యలో ముక్కు చీదుకుంటూ. నేను ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. ఆ ఏడుపులో సగం నాదేనని, నాకు చేతకాక ఆమె చేత చేయిస్తున్నానని అనిపించింది. పెట్టెయ్యకూడదనిపించింది.

ఏడుస్తుండగానే లైను తెగిపోయింది. వాళ్ళ టైము అయిపోయినట్టుంది. "అప్పా" అన్నాను. ఇంకోసారి కూడా అన్నాను.

కిన్నెర నా చీరకొంగు పట్టుకుని ఉంది, ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

"అమ్మ నా కోసం ఏడిసినాదా?"

"కాదే. మీ బాబాయి కోసం."

"నువ్వు ఏడవ్వా?"

"నాకింకా రానేదు."

అది తలూపింది. గిన్నెలు తీసి సింకులో వేసి, చేతులు గౌనుకి తుడుచుకుంటూ వచ్చింది.

"రాత్రేలొస్తే నన్ను లేపు పిన్నీ," అంది.

లేపుతానన్నాను.